బాతుల వేటకు ఉక్కు గుళ్ళెందుకు? మన తంపరలో సీసం సంగతేమిటి?

"ఏటి బాబూ, మా గుంటడు అమెరికాలో బాతుల్ని కొడతన్నాడంట. అదీ ఇనప గుళ్ళతోటి! అంత పెద్ద దేశంలో సీసం దొరకదేటి?"

నౌపడ తంపర పక్క ఊళ్ళో వరి కోతలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. పంట కాపలాకని తండ్రి నాడు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకి ఆయన ఇంట్లో లైసెన్సు మీద ఇంకా ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం తప్ప దానికిప్పుడు పెద్దగా పనిలేదు. కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి స్నేహితులతో సెలవు రోజున బాతుల వేటకు వెళ్ళి, ఫోనులో తూటాల పెట్టె చూపించాడట. దాని మీద 'స్టీల్' అని రాసి ఉంది. పెద్దాయనకు అనుమానం అక్కడ మొదలైంది. సీసం అయితే బరువు, దెబ్బ గట్టిగా తగులుతుంది, ఇనుము తేలిక కదా అని.

అనుమానం సరైనదే. ఇనుము తేలికే. అయినా నీటి పక్షుల మీద సీసం వాడకూడదని ఆ దేశం చట్టం చేసుకుంది. దాని వెనుక కథ మన తంపర రైతుకూ, వల వేసే గంగపుత్రుడికీ, బాతులు మేపుకునేవారికీ కూడా పనికొచ్చేది. అందుకే ఈ వారం ఆ సంగతి. మన దగ్గర అడవి బాతును కొట్టడం నేరం. ఆ వివరం కిందనే ఉంది, ఈ వ్యాసం చదివి ఎవరూ తుపాకి దులపనవసరం లేదు.

కందనకాయలో ఉంది కిటుకు

కోడిని కోసినప్పుడు కందనకాయ చీరి చూస్తే లోపల ఇసుక, చిన్న రాళ్ళు కనిపిస్తాయి. పక్షికి పళ్ళు లేవు. మింగిన గింజను పొడి చేసుకోవడానికి రాళ్ళు ఏరుకుని మింగుతుంది. కందనకాయ మన ఇంట్లో తిరగలి లాంటిది, ఆ రాళ్ళే దానికి పళ్ళు.

బాతులూ అంతే. చిలువలు, సూదితోక బాతులు, బొల్లికోళ్ళు నీటి అడుగు బురదలో ముక్కు పెట్టి గింజలు, గడ్డి దుంపలు వెతుక్కుంటాయి. ఆ బురదలో వేటగాడి తుపాకి నుంచి రాలిన సీసపు గుళ్ళు ఉంటే బాతుకు తేడా తెలియదు. గింజ అనుకునో, రాయి అనుకునో మింగేస్తుంది. ఒక తూటాలో గుళ్ళు కొన్ని వందలు. పిట్టకు తగిలేవి నాలుగో అయిదో. మిగిలినవన్నీ నీళ్ళలోకే. ఒకే మడుగు మీద ఏళ్ళ తరబడి వేట సాగితే అడుగున ఎన్ని గుళ్ళు చేరతాయో లెక్క వేసుకోండి. సీసం కుళ్ళేది కాదు, కొట్టుకుపోయేది కాదు. దున్నితే మళ్ళీ పైకొస్తుంది.

కందనకాయలోకి చేరిన సీసం రాళ్ళ మధ్య అరుగుతుంది, కడుపులో ఆమ్లానికి కరుగుతుంది, రక్తంలో కలుస్తుంది. తర్వాత పక్షి మేత సరిగా తినదు. తిన్నది కిందికి దిగదు. రొమ్ము ఎముక కత్తిలా బయటపడుతుంది. రెక్కలు ఇంటి చూరులా వాలిపోతాయి. రెట్ట పచ్చగా పడుతుంది. ఎగరలేక గడ్డిలో దాక్కుంటుంది, రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది. బాతును చంపడానికి ఒకటి రెండు గుళ్ళు చాలిన సందర్భాలున్నాయి. తుపాకి దెబ్బకు పడిన పక్షి అందరికీ కనిపిస్తుంది. ఇలా చచ్చినది ఎవరికీ కనిపించదు, రాత్రికి నక్క ఎత్తుకుపోతుంది. అందుకే ఈ నష్టం చాలాకాలం లెక్కలోకి రాలేదు.

లెక్క తీసినవాడు ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే అమెరికా శాస్త్రవేత్త. వాళ్ళ ఖండంలో ఏటా నూటికి రెండు మూడు నీటి పక్షులు ఇలా మింగిన సీసంతోనే చస్తున్నాయని 1959లో అంచనా కట్టాడు. దాని మీద ముప్పై ఏళ్ళు వాదులాటలు నడిచాయి. వేటగాళ్ళలో చాలామంది ఉక్కు వద్దన్నారు. చివరకు 1991లో దేశమంతటా బాతులు, పెద్దబాతుల వేటలో సీసం నిషేధించారు. ఆ తర్వాత చేసిన ఒక అధ్యయనం 1997లో ఒక్క ఏడాదికే 14 లక్షల బాతులు ఈ నిషేధం వల్ల బతికాయని అంచనా వేసింది. డెన్మార్కు 1996లో సీసపు గుళ్ళను పూర్తిగా ఆపేసింది. ఐరోపా సంఘం దేశాల్లో 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లోనూ, వాటికి 100 మీటర్ల లోపూ సీసం పేల్చకూడదు.

ఉక్కు తూటా ఎంచుకునే పద్ధతి

ఇక పెద్దాయన అసలు ప్రశ్న. తేలికైన ఇనుముతో బాతు ఎలా పడుతుంది?

పలాస వాళ్ళకు చెప్పాలంటే ఒక ఉదాహరణ. ఒకే పరిమాణం ఉన్న జీడిపిక్కను, గులకరాయిని తీసుకుని ఒకే బలంతో విసరండి. రాయి దూరం పోతుంది, జీడిపిక్క మధ్యలోనే జోరు తగ్గి పడిపోతుంది. సీసానికి, ఉక్కుకు ఉన్న తేడా కూడా అలాంటిదే, అంత ఎక్కువ కాకపోయినా. నీటితో పోలిస్తే సీసం 11 రెట్లకు పైగా బరువు, ఉక్కు 8 రెట్లకు కాస్త తక్కువ. కాబట్టి ఉక్కులో అదే బరువు కావాలంటే గుండు కొంచెం పెద్దది తీసుకోవాలి.

గుళ్ళకు నంబర్లుంటాయి. నంబరు తగ్గినకొద్దీ గుండు పెద్దది. ఇది కొత్తవాళ్ళను తికమక పెడుతుంది. అమెరికా లెక్కలో 6 నంబరు అంటే 2.8 మిల్లీమీటర్లు, 4 నంబరు 3.3, 2 నంబరు 3.8 మిల్లీమీటర్లు. సీసంలో 6 నంబరు గుండు సుమారు 126 మిల్లీగ్రాములు తూగుతుంది. ఉక్కులో 4 నంబరు తీసుకుంటే సుమారు 148 మిల్లీగ్రాములు. అంటే ఉక్కుకు మారినప్పుడు రెండు నంబర్లు పెద్దది పట్టుకుంటే సరిపోతుందన్నది అక్కడి వేటగాళ్ళ వాడుక సూత్రం. మామూలు బాతులకు 2, 3, 4 నంబర్లు, పెద్దబాతులకు బీబీ, బీబీబీ వాడతారు. మన దేశంలో తూటాల పెట్టెల మీద ఉండేది పాత ఇంగ్లీషు వాళ్ళ లెక్క. ఇంగ్లీషు 4 నంబరు, అమెరికా 4 నంబరు ఒకటి కావు, ఇంగ్లీషుది కొంచెం చిన్నది. పెద్దాయన తన పెట్టె, కొడుకు పెట్టె పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

ఉక్కు గుండు బయల్దేరేటప్పుడు ఎక్కువ వేగంతో పోయేలా తూటా తయారు చేస్తారు. అయినా గాలిలో త్వరగా నెమ్మదిస్తుంది. అందుకని 30, 35 గజాల లోపే కాల్చమంటారు. అంటే మన కొబ్బరిచెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. అంతకన్నా దూరంలో కాలిస్తే పిట్ట గాయపడి ఎగిరిపోతుంది, ఎవరికీ దక్కదు, ఎక్కడో పడి చస్తుంది. ఉక్కు వచ్చిన కొత్తలో వేటగాళ్ళు తిట్టుకున్నది ఇందుకే. తప్పు గుండుది కొంత, సీసం అలవాటు మీద దూరం కాల్చిన మనిషిది కొంత.

తుపాకి గొట్టం కొసన లోపల కాస్త ఇరుకు చేసి ఉంటుంది. దాన్ని చోక్ అంటారు. ఇరుకు ఎక్కువైతే గుళ్ళు గుంపుగా పోతాయి, తక్కువైతే విచ్చుకుంటాయి. సీసం మెత్తన, ఇరుకులో నలిగి సర్దుకుంటుంది. ఉక్కు నలగదు. కాబట్టి ఉక్కుకు వదులు చోక్ చాలు. ఇంప్రూవ్డ్ సిలిండరు, మాడిఫైడ్ అనే రకాలు వాడతారు. బాగా బిగువుగా ఉండే ఫుల్ చోక్‌లో పెద్ద ఉక్కు గుళ్ళు పేలిస్తే గొట్టం కొస ఉబ్బే ప్రమాదం ఉంది. తూటా పొడవు కూడా చూడాలి. రెండుముప్పావు అంగుళాలు, మూడు, మూడున్నర అని ఉంటాయి. గొట్టం మీద ఏ పొడవు చెక్కి ఉందో అంతకు మించినది పెట్టకూడదు. 12 బోరు తుపాకిలో పొరపాటున 20 బోరు తూటా జారవిడిస్తే అది లోపలికి పోయి ఇరుక్కుంటుంది. పైన మరో తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసేది ఈ భయంతోనే.

ఉక్కు కాక బిస్మత్, టంగ్‌స్టన్ గుళ్ళు కూడా ఉన్నాయి. బిస్మత్ బరువులో సీసానికి దగ్గర, మెత్తన, పాత తుపాకులకూ పనికొస్తుంది. టంగ్‌స్టన్ సీసం కన్నా బరువైనది కూడా దొరుకుతుంది. రెండూ ఉక్కు కన్నా చాలా ఖరీదు. అందుకే ఎక్కువమంది ఉక్కుతోనే సర్దుకుంటారు. ఉక్కుకు ఇంకో తలనొప్పి తుప్పు. నీళ్ళలో తడిసిన తూటా పెట్టెను అలాగే వదిలేస్తే గుళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడి తూటా వాడకూడదు.

కొడుకుకు చెప్పాల్సినవి మరి రెండు ఉన్నాయని పెద్దాయనతో అన్నాను. అక్కడ బాతుల వేటకు వెళ్ళినవాడి జేబులో ఒక్క సీసం తూటా దొరికినా కేసే, అది పేల్చకపోయినా సరే. లైసెన్సుతో పాటు 'డక్ స్టాంపు' అనే బిళ్ళ కొనాలి. 1934 నుంచి ఉన్న పద్ధతి అది. ఆ డబ్బుతో ప్రభుత్వం చిత్తడి నేలలు కొని కాపాడుతుంది. ఉద్యోగ వీసా, చదువు వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకి దగ్గర పెట్టుకోవడమే అక్కడ నేరం. స్నేహితుడిదే కదా అని పట్టుకునే ముందు ఆలోచించాలి. ఇక సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు వేట సంచి బట్టలతో కలిపి సర్దేయకూడదు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా మన విమానాశ్రయంలో దొరికితే ఆయుధాల చట్టం కింద సమాధానం చెప్పుకోవాలి.

పాత తుపాకిలో బేరింగు గుళ్ళు వద్దు

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. 'ఉక్కు మంచిదట' అన్న మాట సగం విని ఎవరైనా సైకిల్ బేరింగు గుళ్ళు, మేకు ముక్కలు మందు కూరే తుపాకిలో వేస్తారేమోనని నా భయం. కొండవాలు ఊళ్ళల్లో పందుల కోసం ఇలాంటివి కూరే అలవాటు గురించి వింటూనే ఉన్నాం.

తూటాల్లో వాడే ఉక్కు గుండు నిజానికి మెత్తటి ఇనుము. దాని చుట్టూ మందపాటి ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, గొట్టం గోడకు గుండు తగలకుండా అదే అడ్డం. బేరింగు గుండు గట్టి చేసిన ఉక్కు. గొట్టాన్ని గీసేస్తుంది. పాత గొట్టాలు సీసం కోసం చేసినవి, పల్చగా ఉంటాయి, కొన్ని లోపల తుప్పు తిని ఉంటాయి. గొట్టం పగిలితే ముందు పోయేది పేల్చినవాడి చెయ్యి, కన్ను. పాత తుపాకి ఉన్నవారు ఏ కొత్త రకం తూటా వాడాలన్నా ముందు లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారుకు చూపించాలి. లైసెన్సు లేని నాటు తుపాకి సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది ఇంట్లో ఉండడమే జైలు.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

మన దేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో కొన్ని పిట్టలు, జంతువులను లైసెన్సు మీద వేటాడే వీలు ఉండేది. 1991 సవరణతో ఆ వీలు తీసేశారు. చిత్రం ఏమిటంటే అమెరికా బాతుల మీద సీసం ఆపింది, మనం వేటే ఆపింది ఒకే ఏడాది. 2022లో చట్టాన్ని మళ్ళీ సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. మామూలు నేరానికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అయితే మూడు నుంచి ఏడేళ్ళు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. వల పన్నడం, ఉచ్చు వేయడం, విషపు గింజలు చల్లడం, గుడ్లు ఎత్తడం అన్నీ వేట కిందికే వస్తాయి. మాంసం కొన్నవాడికీ తప్పదు.

పంట కాపలా తుపాకికి కలెక్టరు ఇచ్చే లైసెన్సు ఆయుధం ఉంచుకోవడానికి మాత్రమే. దానితో అడవి జంతువును కాల్చే హక్కు రాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. పంటను పాడుచేసే జంతువు విషయంలో రెండో షెడ్యూలులో ఉన్నదైతే, అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అప్పుడు కూడా ఆ కాగితంలో ఉన్న షరతుల ప్రకారమే. ఎలుగుబంటి మొదటి షెడ్యూలు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వైపు ఎలుగు మనిషి ప్రాణం తీసి, మరికొందరిని గాయపరిచినప్పుడు తోటల్లోకి వెళ్ళడానికే జనం వణికారు. ఆ కోపం అర్థమయ్యేదే. అయినా పంట తుపాకి తీసి జీడితోటలో ఎలుగుకు ఎదురెళ్ళడం చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ముప్పు. పిట్ట గుళ్ళు దానికి చీమ కుట్టినట్టు, దెబ్బతిన్న ఎలుగు మరీ ప్రమాదం.

వేట మీద బతికినవాళ్ళు దారి మార్చుకున్న ఊరు మనకు దూరమేమీ కాదు. ఇచ్ఛాపురం దాటి పైకి పోతే ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళజోడి ఉంది. ఒకప్పుడు బాతులు పట్టి అమ్మడమే అక్కడ కొందరికి జీవనం. 2000 ప్రాంతం నుంచి ఆ మనుషులే కాపలాదారులయ్యారు, పడవల మీద సందర్శకులను తిప్పి సంపాదిస్తున్నారు. పిట్ట ఎక్కడ దాక్కుంటుందో వాళ్ళకన్నా బాగా తెలిసిందెవరికి?

మన నీళ్ళలో సీసం ఎక్కడిది?

వేట లేదు కదా, సీసం గొడవ మనకెందుకు అనుకోవచ్చు. దొంగచాటు తుపాకి ఇంకా అక్కడక్కడా మోగుతూనే ఉంది. దానికన్నా రోజూ నీళ్ళలోకి పోయే సీసం వేరే ఉంది. అది వలల అంచున.

భావనపాడు నుంచి బారువ దాకా ఏ పల్లెలో చూసినా విసురు వల అంచుకు సీసపు గుళ్ళు ఉంటాయి. గేలానికీ సీసమే బరువు. వల రాయికి తగులుకుని చిరిగితే ఆ గుళ్ళు అక్కడే. ఇంగ్లండులో గేలాలకు వాడే చిన్న సీసపు గుళ్ళను మింగి హంసలు చచ్చిపోతున్నాయని గుర్తించి 1987లో వాటి అమ్మకం ఆపారు. తర్వాత హంసల సంఖ్య పెరిగింది. సముద్రపు వలకు ఇప్పటికిప్పుడు సీసం మానమనడం తేలిక కాదు, ఆ బరువు వేరేదానితో రాదు. కానీ తంపరలో, చెరువుల్లో గేలం వేసేవారు చిన్న గుళ్ళకు బదులు ఇనప నట్టు కట్టుకోవచ్చు. తెగిన వల ముక్కలు, రాలిన గుళ్ళు గట్టు మీద పారేయకుండా ఏరి డబ్బాలో వేసుకోవడానికి ఖర్చేమీ లేదు, సీసానికి తూకం ధర కూడా వస్తుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంటి పెరట్లో జరుగుతోంది. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసాన్ని పాత మూకుడులో కరిగించి వల గుళ్ళు పోసుకోవడం. ఆ పొగ పీల్చే పిల్లల ఒంట్లోకి సీసం నేరుగా పోతుంది. పిల్లల మెదడుకు అది చేటు. ఇంత వరకైతే ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మూకుడు, బ్యాటరీ పలకలు పశువుల పాక దగ్గర వదిలేస్తే దూడలు నాకుతాయి. సీసం తిన్న దూడకు కళ్ళు కనపడవు, గోడకు తల పెట్టి నెడుతుంది, మూర్ఛలు వస్తాయి, చాలాసార్లు చచ్చిపోతుంది. పశువుల డాక్టర్లు పిచ్చికుక్క కాటేమోనని కంగారుపడే లక్షణాలివి. పెరట్లో బ్యాటరీ పగలగొట్టిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

సీసం కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది. ఈ మాట ఉద్దానంలో అనగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఏళ్ళ తరబడి పరీక్షలు జరిగాయి. జబ్బుకు ఇదే కారణమని ఇంతవరకు ఒక్కదాన్ని తేల్చలేదు. కాబట్టి సీసం వల్లే ఉద్దానం జబ్బు అని ఎవరూ ప్రచారం చేయవద్దు. కిడ్నీకి చేటు చేసేదాన్ని కిడ్నీ జబ్బు ఉన్న ప్రాంతంలో దూరం పెట్టడం మాత్రం ఎవరికైనా తోచే జాగ్రత్త.

కోత అయ్యాక చేలల్లో తిప్పే బాతుల మందలకు కూడా ఇదే లెక్క. ఒకప్పుడు తుపాకి బాగా మోగిన మడుగు అని పెద్దలు చెప్పే చోట మందను దింపకపోవడం మేలు. పెంపుడు బాతు కందనకాయ కూడా కందనకాయే.

పక్షులు వేరు, మేత వేరు

టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టడం జిల్లా అంతా ఎరిగినదే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానాకాలంలో వచ్చి పిల్లలు చేసుకుని పోతాయి. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద ఉంటుంది, పత్రికల్లో మేమూ రాశాం. అది సరికాదు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ మన ఉపఖండంలోనే తిరిగేవి. ఇక్కడే పుట్టి, ఇక్కడే నీళ్ళను బట్టి చోటు మారతాయి. ఉత్తరం నుంచి చలికాలానికి వచ్చేవి సూదితోక వంటి బాతులు, ఉప్పు మడుల్లో తిరిగే చిన్న చిన్న ఉల్లంకులు.

మేతను బట్టి సీసం ముప్పు మారుతుంది. బురద జల్లెడ పట్టే బాతుకు గుళ్ళతో ముప్పు ఎక్కువ. గూడబాతు చేపను మింగుతుంది, దానికి గేలం ముల్లు, దాని సీసం ముప్పు. నత్తగుల్ల కొంగ వరిచేలో నత్తలు తింటుంది, అంటే నారు కొరికే నత్తలకు కూలి అడగని కాపలాదారు. తేలుకుంచి రైతులు దాన్ని తరిమిన దాఖలా లేదు.

బాతుల బెడద ఉన్న మాట మాత్రం నిజం. చిలువలు రాత్రిపూట నారుమడి మీద దిగితే మొలక పోతుంది. కాకరాపల్లి, నౌపడ వైపు తంపర భూముల్లో ఈ ఫిర్యాదు పాతదే. నారుమడిలో నీళ్ళు నిలిస్తేనే బాతు దిగుతుంది. మొలక విత్తనం చల్లాక మొదటి వారం మడిలో నీరు నిలవకుండా, బురద తడి మాత్రమే ఉండేలా చూస్తే సగం బెడద పోతుంది. అందరి నారుమళ్ళు ఒకే చోట, ఒకే వారంలో పోస్తే రాత్రి కాపలా వంతులు వేసుకోవచ్చు. గాలికి మోగే మెరుపు రిబ్బను, డబ్బా చప్పుడు కొద్దిరోజులే పనిచేస్తాయి. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి, లేకపోతే బాతు దానికి అలవాటుపడిపోతుంది. రొయ్యల, చేపల చెరువుల మీద నీటికాకుల కోసం అడ్డంగా తాళ్ళు కట్టేవారు సన్నని నైలాను దారం వద్దు. పిట్ట చిక్కుకుని చస్తే మళ్ళీ కేసు. కళ్ళకు కనపడే లావు తాడు కట్టాలి.

గుళికల మందు కలిపిన వడ్లు గట్టున చల్లే పని ఎవరూ చేయవద్దు. బాతు చస్తుంది, దాన్ని తిన్న కుక్క చస్తుంది, ఏరి వండుకున్న మనిషి ఆసుపత్రిలో పడతాడు. పొరుగువాడి కోళ్ళు పోతే ఊళ్ళో తగాదా సరేసరి.

చచ్చిన పక్షి కనిపిస్తే

2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చచ్చిపడినప్పుడు ఊళ్ళో తలో మాట అన్నారు. విషం పెట్టారన్నవారు ఉన్నారు. పోస్టుమార్టంలో కడుపు నిండా పురుగులు బయటపడ్డాయి. చేపల ద్వారా చేరిన పరాన్నజీవులవి. తుపాకీ కాదు, సీసం కాదు. చూసి చెప్పడం కష్టమని ఆ సంఘటనే చెబుతుంది.

అందుకని రెండు మూడు పక్షులు ఒకచోట చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు. పక్షుల ఫ్లూ కూడా కావచ్చు. కోళ్ళను, బాతులను అటు పోనివ్వకండి. ఎక్కడ, ఏ రోజు, ఎన్ని, రెక్కలు వాలి ఉన్నాయా, రెట్ట రంగు ఏమిటి అన్నది రాసుకుని దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయానికో, పశువైద్యశాలకో కబురు పెట్టండి. శవం తాజాగా ఉంటేనే పరీక్షకు పనికొస్తుంది, రెండో రోజుకు ఏమీ తేలదు. సీసం అనుమానం ఉందని ముందే చెబితే కందనకాయ చీరి చూస్తారు. అందులో దొరికిన గుండుకు అయస్కాంతం పెడితే ఉక్కు అతుక్కుంటుంది, సీసం అతుక్కోదు.

పెద్దాయన ఈ చివరి మాట విని లోపలికి వెళ్ళి, పాత రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చారు. తుపాకి పెట్టెలో మిగిలిన పాత తూటా ఒకటి విప్పి చూపిస్తానన్నారు. తూటా విప్పడం ప్రమాదమని వద్దన్నాను. కాలం చెల్లిన తూటాలు ఇంట్లో ఉంచుకోకుండా లైసెన్సు పుస్తకంతో సహా పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళి అప్పగించాలని చెప్పాను. సోమవారం టెక్కలి వెళ్ళినప్పుడు ఇచ్చేస్తానన్నారు.